వరిలా నిలబడ్డ ఊద

1981 వానాకాలం. జహీరాబాద్‌లో విత్తన తనిఖీ ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. నా పని సీడ్ ప్లాట్లు, అంటే విత్తనం కోసమే పండించే పొలాలు చూడడం. నాట్ల నుంచి కోతల దాకా మూడుసార్లు వెళ్లి, కలుపు గాని వేరే రకం మొక్కలు గాని హద్దు మీరితే రిజెక్ట్ అని రాయాలి. కారణం రాయడానికి ఫారం చివర ఒక గడి ఉంటుంది. ఆ గడిలో నేను రాసిన ఒక్క మాట గురించే ఇదంతా.

జీవజాతులు మారతాయంటే "ఎవరు చూశారయ్యా?" అని నవ్వే పెద్దమనుషులు ఎదురైతే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను చూశాను. అంతకంటే ఎక్కువ మంట నా మీద నాకే. ఎందుకంటే చూడకముందే రాసేశాను.

ఝరాసంగం దగ్గర ఒక ఊరు. జొన్న, కంది, పత్తి పండే మెట్ట నేల. కుంట కింద నాలుగు వరి మళ్లుంటే అవీ ఊరి పెద్ద పటేల్‌వే, నేను చూడాల్సిన సీడ్ ప్లాట్ అందులోదే. మూడో తనిఖీకి వెళ్లేసరికి మడి నిండా ఊద కంకులు వరి కంటే పైకి లేచి కనిపించాయి. ఊద అంటే వరిలో మొలిచే కలుపు గడ్డి. వరి కోతకు రాకముందే దాని గింజలు రాలి మట్టిలో కలుస్తాయి. నేను గట్టు మీదే నిలబడి, బూట్లకు బురదైనా అంటకుండా, గడిలో రాశాను: "కలుపు తీతలో నిర్లక్ష్యం."

పటేల్ ఆ కాగితం చదివి అక్కడికక్కడే శంకరమ్మను పిలిపించాడు. ఏడుగురు ఆడవాళ్ల కలుపు గుంపుకు ఆమె పెద్ద.

"చూసినవా? సర్కారే రాసిచ్చింది. మడ్ల ముచ్చట్లు పెట్టుకుంట కూసున్నరు. రేపటి సంది మీ గుంపు నా మడ్లకు రావొద్దు. రాయికోడ్ దిక్కు నుంచి మందిని తెచ్చుకుంట" అన్నాడు.

ఆ ఊళ్లో ఇంకెవరి దగ్గరా ఆ పని దొరకదు. అయినా ఆమె అతన్ని బతిమాలలేదు. నా వైపు తిరిగింది.

"సారూ, మేం తియ్యలేదని మీరెట్ల రాసిన్రు? మీరు చూసిన్రా?"

"కంకులు కనబడుతున్నాయి కదమ్మా, ఇంకేం చూడాలి?" అన్నాను విసుగ్గా.

"అట్లనా? పక్క మడి ఆల్శంగ నాటింది, ఇంక ఈనలే, కంకి రాలే. దిగుండ్రి. ఊద పీకి సూపియ్యుండ్రి."

వ్యవసాయ డిగ్రీ చదివినవాణ్ణి, ఆమె ముందు వెనక్కి తగ్గుతానా? ప్యాంటు మడిచి దిగాను. రెండు గుప్పిళ్ల మొక్కలు పీకి గట్టు మీద పడేశాను. ఆమె ఒక్కొక్కటి తీసి, ఆకు కాండాన్ని కలిసే చోట గోటితో విప్పి చూపించింది. వరికి అక్కడ పల్చటి పొర ఉంటుంది. దాన్ని లిగ్యూల్ అంటారు. ఊదకు ఉండదు. ఇదే సంగతి నేను కాలేజీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఊద అని నేను పీకిన వాటిలో సగం వరి. నా కాళ్ల పక్కన వరి అనుకుని వదిలేసిన వాటిలో ఊద.

"మెడ చూస్తే తెలుస్తది, మాకు ఎర్కే. ఒక్కొక్క దాని మెడ పట్టి చూస్కుంట పోతే పొద్దుమూకేదాంక ఒక్క మడన్న అయితదా? పటేల్ ఊకుంటడా?" అంది. తర్వాత గట్టు మీద మొలిచిన ఊదను చూపించింది. "గది సూడుండ్రి. మొదలు ఎర్రగుంటది, అడ్డం పండుకుంటది. మా అవ్వ కలుపు తీసే దినాలల్ల మడ్లది గూడ గట్లనే ఉండెనంట. ఇప్పుడు మడ్లది పచ్చగ, వరి లెక్క నిలబడ్తున్నది."

మడిలో నీళ్లూ ఎరువూ ఎక్కువ కాబట్టి అలా పెరుగుతుందేమోనని బస్సులో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రాసిన మాట ఎలాగైనా నిజం కావాలని నా ఆశ. అయినా గట్టు ఊద గింజలు, మడి ఊద గింజలు వేరువేరు పొట్లాల్లో కట్టి తెచ్చాను. మరుసటి తొలకరికి నా అద్దె గది డాబా మీద రెండు నూనె డబ్బాల్లో చల్లాను. అదే మట్టి, అవే నీళ్లు, అదే ఎండ. కొన్ని వారాలకు గట్టుది మొదట్లో ఎర్రబడి పక్కలకు పరుచుకుంది. మడిది పచ్చగా, నిటారుగా లేచింది. తేడా గింజలోనే ఉంది.

ఊద మొక్కలన్నీ ఒకలా పుట్టవు. కొన్ని ఎర్రన, కొన్ని కాస్త పచ్చన. ఆ గుణం గింజతో పాటు తర్వాతి మొక్కకు పోతుంది. ఎర్రవీ, పరుచుకున్నవీ కలుపు తీసేవాళ్ల కంటపడి పోయాయి. వరిని కాస్తో కూస్తో పోలినవి తప్పించుకుని గింజ రాల్చాయి. శంకరమ్మ అవ్వ, వాళ్ల అవ్వ, అంతకు ముందు వాళ్లు అలా ఏరుతూ వస్తే చివరికి తప్పించుకున్న వాటి సంతానమే మడంతా నిండింది. ఊదను ఇలా మార్చాలని ఎవరూ అనుకోలేదు, ఊద అసలే అనుకోలేదు. దీన్నే నేచురల్ సెలెక్షన్, ప్రకృతి వరణం అంటారు. గట్టు మీద ఏరేవాళ్లు లేరు, అక్కడిది పాత రూపంలోనే ఉండిపోయింది.

ఆ ఆడవాళ్లు నిజంగా సోమరులైతే మడిలోనూ ఎర్ర ఊదే ఉండేది. వాళ్లు తరతరాలుగా నడుము వంచి ఏరారనడానికి సాక్ష్యం నా కళ్ల ముందు నిలబడి ఉంటే, దాన్ని చూసి నిర్లక్ష్యమని రాశాను.

డబ్బాలు రెండూ మోసుకెళ్లి మా పై అధికారి బల్ల మీద పెట్టాను. ప్లాట్ రిజెక్ట్ అయితే అయింది, కారణం మార్చమన్నాను.

"ఏందయ్యా, గడ్డి తెచ్చి టేబుల్ మీద పెట్టినవ్? కూలోళ్ల కోసం ఫైలు తిరగరాస్తరా ఎవరన్న?" అంటూ డబ్బాలు బయట పెట్టించాడు. నేను గొంతు పెంచాను. మరునాడు నాకు మెమో వచ్చింది.

ఆ ఏడాది రాయికోడ్ కూలీలు కలుపు తీసిన మడిలోనూ ఊద కంకులు అలాగే లేచాయి. "గీళ్లు గూడ పనిదొంగలే సార్" అన్నాడు పటేల్ తాపీగా. డబ్బాల సంగతి చెబితే ఆవలించాడు. చేతిలో ఉన్న ఫైలు అతని మొహాన కొట్టాలనిపించింది.

శంకరమ్మను వెతుక్కుంటూ వెళ్తే రెండు ఊళ్ల అవతల అల్లం చేనులో దొరికింది. రోజూ అంత దూరం నడిచి వస్తోందట. తప్పు నాదేనని చెప్పి, డబ్బాల కథంతా వినిపించాను. చేతిలో కొడవలి ఆపకుండానే విన్నది.

"మంచిగ చెప్పిన్రు. గీ ముచ్చట కాయితం మీద రాసిన్రా సారూ?"

"రాయనివ్వలేదమ్మా."

"మరి అప్పుడు ఎవర్ని అడిగి రాసిన్రు?"

ఆ తర్వాత ఇరవై ఏళ్ల ఉద్యోగంలో మడిలోకి దిగకుండా, పనిచేసిన వాళ్లను అడగకుండా ఆ గడి నింపలేదు. ఆ పాత ఫారం ఏ బీరువాలోనో ఇంకా ఉండే ఉంటుంది, కింద నా సంతకంతో.