కమ్మి చెప్పే అబద్ధం

గనుల ధూళి బళ్లారిని ఎర్రబరచిన కాలమది. కంటోన్మెంట్ వ్యాయామశాలలోని ఉస్తాదుకు బార్‌బెల్ కమ్మిపై ఎన్నడూ నమ్మకం లేదు. గనికాపలా కొలువుకై బలపరీక్ష పత్రం కోరి వచ్చిన, అక్కడే సాధన చేసే యువకుడొకడు బార్‌బెల్‌ను అవలీలగా పైకి నెట్టాడు. ఉస్తాదు అలవాటుగా కనుబొమ ముడిచి, రెండు చేతులకూ రెండు డంబెల్స్ అందించాడు. మొత్తం బరువు తక్కువే అయినా యువకుని ఎడమచేయి వాలిపోయింది.

"కమ్మి అబద్ధమాడతాదప్పా. కుడిచెయ్యి ఎడమదాన్ని మోస్తాది."

"నువ్వెత్తు చూద్దాం, ఉస్తాదూ! నీ చేతిలో డంబెల్ యాడ చూసినాం?" అన్నాడు యువకుడు.

అక్కడే అతనితోపాటు సాధన చేసే నాకూ ఆ అనుమానం చిరకాలంగా ఉన్నదే. ఉస్తాదు ఎత్తాడు. ఎడమచేయి సగంలోనే ఆగిపోయింది.

"ఇదే కమ్మి నన్నూ ఇన్నేండ్లు మోసిండాదప్పా," అంటూ పత్రంపై సంతకం చేశాడు.

అది కరుణయో, యువకుని నోటికి వేసిన తాళమో, నేటికీ నాకు సందేహమే.