నా చాలూ వేరు, ఆమె చాలు వేరు

పోయిన నెల మా సెంటర్‌ల నేను జేసిన నిర్వాకం ఇనుండ్రి. ఒక్క మాట... ఒక్కటే మాట! దాంతోని మంది రాసిన పరీక్ష సగం మాయమైంది.

మా డిస్టెన్స్ సెంటర్‌ల ఈ ఏడు పాఠాలు, పరీక్షలు అన్ని కంప్యూటర్ మీదనే పెట్టినం గదా. నేను కోఆర్డినేటర్‌ను. నాందేడ్‌ల ఎవ్వలు చెయ్యంది మేం చేసినమని ఊరంత డబ్బా కొట్టుకున్న. పరీక్షయిన తెల్లారే కరెంటు పోయి అచ్చి, పోయి అచ్చి, సర్వర్ పండుకుంది. పుణె ఇంజినీర్‌కు ఫోన్ కొట్టిన. "డిస్క్ ఆఖరి ఊపిరి మీద ఉంది సర్" అన్నడు మరాఠీల. "తిరిగినంత సేపట్లనే జవాబులన్ని కొత్త డిస్క్ మీదికి కాపీ చేసుకోవాలె. నడుమ ఆగిందా, ఇగ తిరగది."

ఫోనేమో నా రూంల, సర్వరేమో గోడవతల. ఆడ మా కొత్త ఇన్‌స్ట్రక్టర్ సుజాత కూసుంది. రాజమండ్రి పిల్ల, ఈడికి కోడలై అచ్చి ఏడాది కాలే. మరాఠీ ఒక్క ముక్క రాదు. "ఫికరెందుకమ్మా, నాకు మూడు భాషలొస్తయి, నీతోని తెలుగే మాట్లాడ్త" అని ధైర్యం చెప్పింది నేనే.

కాపీ నడుస్తుంది. "చాలూ ఆహే కా?" అనడిగిండు ఇంజినీర్. నడుస్తుందా అని. నేను గోడవతలికి ఒర్రిన, "సుజాతమ్మా, చాలూ?"

"ఇంకా సగమే అయ్యిందండీ!"

"చాలూచ్ ఠేవా సర్, బంద్ కరూ నకా!" ఇంజినీర్ గాబరా. ఆపకుండ్రి, నడవనియ్యుండ్రి అని.

నేను గొంతు చించుకున్న. "చాలూ! చాలూ! చాలూ!"

మనకు ఫ్యాన్ చాలూ, బండి చాలూ. పుట్టినకాంచి గదే మాటాయె! అవతల సప్పుడు టక్కున ఆగింది.

"ఆపేశానండీ!"

"ఎందుకాపినవమ్మా?"

"మీరే కదండీ చాలు, చాలు అని అరిచారు! సగంతో సరిపెట్టుకుంటారేమో అనుకున్నా!"

ఆమె తప్పేమున్నది? అన్నం పెట్టేటప్పుడు చాలంటే వాళ్ళింట్ల గరిటె ఆపుతరు. మా ఇంట్ల గూడ ఆపుతరు! గా సోయి నాకు లేకపాయె.

డిస్క్ మల్ల తిరగలే. జవాబులు పోయినోళ్ళకు కాగితం మీద మల్ల పరీక్ష పెట్టాలన్నరు పెద్ద సార్లు. ఫోన్లు చేసి చెప్పుడు నా నెత్తిన పడ్డది. పడాలె గూడ. కిన్వట్ దిక్కు రాధ అని ఒకామె, ప్రైవేటు బడిల టీచరు. ఇది పాసైతేనే ఆ నౌకరి నిలుస్తది. పసిపిల్లను తన అమ్మ కాడ ఇడిసి రైలెక్కి అచ్చి రాసిపోయింది. జరిగిందంత దాపరికం లేకుంట చెప్పిన. "ఈసారి మస్తు రాసిన్నని మా అమ్మకు చెప్పిన సర్" అన్నది మెల్లగ. నాలుగు తిట్టినా బాగుండు.

నిన్న మల్ల అచ్చింది. నిద్ర లేక కండ్లు ఎర్రగున్నయి. నేనే కుర్చీ తుడిసిన, నేనే చాయ్ తెచ్చిచ్చిన. ప్రశ్నల కాగితం చేతిల పెట్టి, నోరాగక అన్న గదా, "ఇగ చాలూ చెయ్యమ్మా."

ఆమె పెన్ను కింద పెట్టింది. "సర్, రాయుమంటుండ్రా? ఆపుమంటుండ్రా?"

మూడు భాషలొచ్చినోన్ని... నోరు మూసుకొని, రాయుమని చేత్తోని సైగ చేసిన.