అక్క ముచ్చట కోసం తెచ్చిన రౌటర్

మా అక్కకు పుట్టుకతోనే చెవులు వినవడయి. మాటలు గూడ రాలే. సిరిసిల్లల మా ఇంటి చుట్టూ బట్ట నేసే సాంచెల చప్పుడే. ఆ చప్పుట్ల మేమిద్దరం చేతులతోనే ముచ్చట పెట్టుకునేటోళ్లం. ఆ సైగలు ఏ బడిల నేర్చినయి గావు, మేం కల్పించుకున్నయే. అమ్మకు కొన్నే తెలుసు.

అక్కను కోరుట్లల ఇచ్చిన్రు. అమ్మ పోయినంక ఇంట్ల నేనొక్కదాన్నే మిగిలిన, టైపింగ్ పని చేసుకుంట. ఆయితారం ఆయితారం అక్క బస్సెక్కి వచ్చేది. తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు నిలిచిపోయినంక ఆ రాకడ బందయింది. ఫోన్ ఆమెకు పనికిరాదు. పదిహేను దినాలు నా చేతులు ఎవరితోని మాట్లాడలే.

జగిత్యాలల కొలువు చేసే బావ అంతకుముందే నాకొక పాత లాప్‌టాప్ ఇచ్చిండు. దానికి కెమెరా ఉన్నది. అక్క ఇంట్ల గూడ కెమెరా ఉన్న కంప్యూటర్, నెట్ ఉన్నయి. నేను పని చేసే కంప్యూటర్‌కేమో వైరుతోనే నెట్ రావాలె. రెండిటికీ పనికొచ్చే రౌటర్ కోసం బజారుకు నడిచిపోయిన.

"ఇంట్ల ఎంతమంది వాడుతరక్కా?" దుకాణపాయన అడిగిండు.

"నేనొక్కదాన్నే."

"గట్లయితే ఉత్త వైర్‌లెస్‌ది సాలు."

"వైర్లు పెట్టుకునేది గూడ గావాలె. వీడియో ఆగొద్దన్నా."

"ఆగితే ఏమైతది? మాట వినవడుతది గద."

నాలుగు వైర్లకు జాగా, ఒక యాంటెనా ఉన్నది చూపెట్టి, గదే ఇయ్యమన్న.

ముందుగాల లాప్‌టాప్‌ను వంటింట్ల పెట్టిన. రెండు గోడలు దాటి సిగ్నల్ సక్కగ రాకపోయె. అక్క చెయ్యి నడుమల్నే ఆగిపోయేది. మళ్ల కదిలేసరికి సగం ముచ్చట పోయేది. ముందరి అర్రకొచ్చి రౌటర్‌కు వైరు గుచ్చిన. గప్పుడు బొమ్మ నిలకడగ వచ్చింది.

అక్క ఎంతసేపు చెప్పిందో! సమ్మెల రోడ్డు మీద పొయ్యిలు పెట్టి అందరు వండుకున్నరని, తను గూడ పోయి కూరగాయలు కోసిందని, తనతోని మాత్రం ఎవ్వరు ముచ్చట పెట్టలేదని. చెప్పుకుంటనే కండ్లు తుడుసుకున్నది. నాకు ఆమె భుజం మీద చెయ్యేద్దామనిపించింది.

కొన్నాళ్లకు బస్సులు మళ్ల తిరిగినయి. ఆయితారం పొద్దున్నే అక్క కోసం బగార అన్నం వండి బస్టాండుకు పోయిన. మూడు కోరుట్ల బస్సులు వచ్చినయి. అక్క దిగలే. ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచిన.

"రోజూ చూసుకుంటనే ఉన్నం గద, గంత దూరం ఎందుకు?" అని చేతులతోని అన్నది, నవ్వుకుంట.

నేను గూడ నవ్వి తలూపిన. ఇంట్ల పనున్నదని ఆమె పోయింది. నేను కంచంల ఇంత పెట్టుకొని తిని, మిగిలిన బగార పక్కింటోళ్లకిచ్చిన.