పిలిస్తే వెళ్లిన హెచ్చరిక

కేరళలోని బేపూర్ రేవులో చేపల పడవల సంఘం ఆఫీసు. శ్రీలత అక్కడి కంప్యూటర్లో రాసిన ప్రోగ్రాం ఫైలు అలల ఎత్తు లెక్కగట్టి, మూడువందల పడవల ఫోన్లకు ‘కడలిలోకి వెళ్లొద్దు’ అని సందేశం పంపుతుంది. ప్రమాదం ఉన్న రోజే ఆమె దాన్ని నడుపుతుంది.

మంగళవారం ఉదయం ఆమె నడపకుండానే సందేశం వెళ్లిపోయింది. కానాగంత చేపల గుంపు మీద వల వేయబోతున్న పడవలన్నీ వెనక్కి తిరిగాయి.

“నీళ్లు నూనెలా ఉంటే తుఫానంటావేం, అమ్మాయ్?” పడవ యజమాని బీరాన్ గుమ్మంలోనే అరిచాడు. “పిచ్చి నీ కంప్యూటర్‌కా, నీకా?”

శ్రీలత మేనేజర్ దినేశన్ బల్ల దగ్గరికి వెళ్లింది.

“నా ఫైలు నడిపారా, సార్?”

“నడపలేదు. రిపోర్టుకి అలల లెక్క కావాలని నీ ఫైలును నా ఫైల్లోకి పిలిచానంతే.”

“పిలిచినా పైనుంచి కిందిదాకా నడుస్తుంది సార్. సందేశం పంపేదీ అందులోనే ఉంది.”

“ముందే చెప్పొద్దూ?”

మూడుసార్లు చెప్పింది. మార్చనివ్వమని అడిగితే, నడుస్తున్నదాన్ని కెలకొద్దన్నది ఈయనే. శ్రీలత తన బల్ల దగ్గరికి వెళ్లి ఫైలు తెరిచింది.

మార్పు రెండు వరుసలే. నేరుగా నడిపితే ఫైలు పేరు ‘మెయిన్’ అవుతుంది. ఇంకో ఫైలు పిలిస్తే దాని సొంత పేరే ఉంటుంది. పేరు ‘మెయిన్’ అయితేనే సందేశం పంపమని రాసింది. దినేశన్ ఫైలు నుంచి పిలిచి చూసింది. లెక్క వచ్చింది, సందేశం వెళ్లలేదు. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల కోసమా ఇన్నాళ్లూ బతిమాలింది?

గురువారం నిజంగానే పెద్ద అలలు వస్తున్నాయని తేలింది. తనే ఫైలు నడిపింది. సందేశం వెళ్లింది. అయినా రేవులో ఇంజన్ల చప్పుడు ఆగలేదు. బీరాన్‌కి ఫోన్ చేసింది.

“ఇవాళ పంపింది నేనే, అన్నా. వెళ్లకండి.”

“మొన్నటిదీ ఇదే నంబరు నుంచే వచ్చింది.”

“మొన్న సారు పొరపాటున...”

“ఇవాళ సారు కాదని నా ఫోన్ చెప్తుందా?”

చెప్పదు. ఫైలుకు తెలిసిన తేడా ఫోనుకు తెలియదు. శ్రీలత చెప్పులేసుకుని రేవుకు పరుగెత్తింది. గట్టు మీద నిలబడి బీరాన్ పడవ తాడు రెండు చేతులా పట్టుకుంది.

“వదులు, అమ్మాయ్.”

“వదలను. నేనే పంపాను, నా చేత్తో.”

బీరాన్ ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో గొణుక్కుంటూ ఇంజన్ ఆపాడు.

పక్క పడవ అప్పటికే కదులుతోంది. శ్రీలత అటు పరుగెత్తింది.