చెరో రెక్క

విమానం కూలాలంటే ముందు గాల్లోకి లేవాలని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నా విమానం మాత్రం మా ఇంటి టీపాయ్ మీదే, మా మామ చేతిలోనే, చాయ్ చల్లారకముందే కూలింది. కారకుణ్ణి నేనే. పాపంలో వాటాదారులుగా ఒక తలుపుల పెయింటరూ, రెండు ఎద్దులూ ఉన్నారు.

అప్పుడు నేను కోస్గి దగ్గర ఒక ఊళ్లో పంచాయతీ కార్యదర్శిని. సుజాతను, వాళ్ల నాయిన ఒప్పుకోకముందే ప్రేమించి పెళ్లి చేసుకున్నాను. ఆయనది పానగల్. వాయుసేనలో విమానాల మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. పెళ్లయి ఏడాది దాటినా మా గడప తొక్కలేదు. చివరికి కూతురి చేతికి ఒక అట్టపెట్టె ఇచ్చి పంపాడు. అందులో జానెడు ప్లాస్టిక్ విమానం, ముక్కలు ముక్కలుగా. ఆయన ఏళ్ల తరబడి బాగుచేసిన రకమేనట.

"మీ ఆయనను గిది తయారు చెయ్యమను. అయినంక ఫోన్ చెయ్యి, వచ్చి చూస్త," అన్నాడట.

సుజాత పెట్టెను నా ముందు పెట్టి, "నాయిన వచ్చుడు, రాకపోవుడు ఇగ నీ చేతులనే ఉన్నది," అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి భయమేసింది. పెట్టెలోకి చూశాక ఇంకా భయమేసింది.

లోపల ఒక కాగితముంది. ఏ ముక్క ఎక్కడ అతకాలో బాణం గుర్తులున్నాయి. ఏ రంగు వెయ్యాలో ఉంది. ఎప్పుడు వెయ్యాలో మాత్రం లేదు! అతికించి వెయ్యాలా, వేసి అతికించాలా? బుర్ర గిర్రున తిరిగింది.

మా ఆఫీసు తలుపులకు రంగులేస్తున్న సలీం భాయ్‌ని అడిగాను.

"గిదేం సవాల్ సార్! తలుపు బిగించకముందే అన్ని దిక్కుల ప్రైమర్ కొట్టాలె. అంచులకు జర గట్టిగనే కొట్టాలె. బిగించినంక సందులల్లకు బ్రష్ పోతదా?"

నిజమే కదా! ఇంటికొచ్చి రంగు డబ్బా మూత తీశానో లేదో, ఎడ్లను కడుగుతున్న మా బాపు అడ్డుపడ్డాడు.

"ఎడ్ల కొమ్ములకు రంగు ఎప్పుడేస్తంరా? మొలిచినంక ఏస్తమా, ముందుగాల రంగేసి తెచ్చి నెత్తికి అంటిస్తమా?"

"ఎద్దు వేరు, విమానం వేరు బాపు."

"ఏం వేరు? దానికి రెండు కొమ్ములు, దీనికి రెండు రెక్కలు. అంత తయారైనంకనే రంగు."

ఇదీ నిజమే! నీళ్ల ట్యాంకరు మాకంటే మాకని రెండు వాడలు కొట్లాడుకుంటే, చెరి సగమని సర్దిచెప్పి బయటపడటం నా ఉద్యోగ ధర్మం. ఇక్కడా అదే తీర్పు చెప్పాను. పొట్టా, కుడి రెక్కా బాపువి. కాబట్టి పైలట్ బొమ్మను సీట్లో కూర్చోబెట్టి, పొట్ట మూసి, పైన అద్దం బిగించి, కుడి రెక్క అతికించి, ఆ తరువాత రంగేశాను. ఎడమ రెక్క సలీం భాయ్‌ది. దానికి అంచులతో సహా ప్రైమర్, రంగు కొట్టి, అన్నీ ఆరాక తెచ్చి పొట్టకు అంటించాను.

"ఎడమ రెక్క జర ఊగుతున్నట్టుందే?" అంది సుజాత.

"ఎగిరేటియి ఊగుతయి," అన్నాను. ఫోన్ చేయించాను.

ఆదివారం మామ వచ్చాడు. ఇల్లలకగానే పండుగ కాదంటారు. రంగేయగానే విమానం కాదని అప్పటికి నాకింకా తెలియదు. కళ్లద్దాలు పెట్టుకుని, "రంగు మంచిగుంది," అన్నాడు. నేను సుజాత వైపు గర్వంగా చూశాను. ఆయన ఎడమ రెక్క పట్టుకుని విమానాన్ని పైకి లేపాడు.

టప్!

రెక్క ఆయన వేళ్ల మధ్య ఉంది. విమానం ముక్కు చాయ్ కప్పులో ఉంది. సుజాత కొంగు నోట్లో కుక్కుకుంది.

బయటినుంచి బాపు కేకేశాడు. "నేను జెప్పిన రెక్క ఉన్నదా, ఊడిందా?"

"ఉన్నది బాపు!"

"మరి? నేను జెప్పలే!"

మామ విమానాన్ని చాయ్‌లోంచి తీసి, తుడిచి, అద్దంలోంచి లోపలికి చూశాడు. "గీ పైలట్‌కు బట్టల రంగే లేదు, బరిబత్తల ఉన్నడేంది?"

బయట బాపు ఎడ్లను తోలుకుని మెల్లగా జారుకున్నాడు. పొట్ట మూశాక పైలట్‌కు రంగెలా వేస్తారో మాలో ఎవరికీ తట్టలేదు మరి. చేసేది లేక తలుపులూ, కొమ్ములూ, చెరి సగమూ పూసగుచ్చినట్టు చెప్పాను. ఇక ఈయన మా గడప తొక్కడనుకున్నాను. ఏడుపొచ్చినంత పనైంది.

"అల్లుడా," అన్నాడు మామ. అలా పిలవడం అదే మొదటిసారి. "గీ గమ్ము ప్లాస్టిక్‌ను కరిగిచ్చి పట్టుకుంటది. నువ్వు రెక్కను విమానానికి అంటియ్యలే, రంగును రంగుకు అంటిచ్చినవ్. లోపలియి మూయకముందు రంగెయ్యాలె, బయటియి అంటిచ్చినంక ఎయ్యాలె."

"అంటే సలీం భాయ్ రైటా, బాపు రైటా?"

"ఇద్దరు రైటే. నువ్వే తప్పు."

ఆయన చొక్కా చేతులు మడిచాడు. "బ్లేడు తే. అతుకుకాడ రంగు గీకాలె. గిది ఒక్క ఆదివారంల తెగేది కాదు."

సుజాత వంటింట్లోకి పరుగెత్తి ఇంకో గ్లాసు బియ్యం కడిగింది. ఒక రెక్క ఊడినందుకు నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

అప్పటినుంచి మామ ఆదివారాలు మా ఇంట్లోనే. రెక్క గట్టిగా నిలిచింది. పైలట్‌ను మాత్రం అద్దం పగలకుండా బయటికి తీయలేకపోయాం. ఇప్పటికీ షోకేసులో అలాగే కూర్చుని విమానం నడుపుతున్నాడు. వచ్చిన చుట్టాలందరికీ "మా అల్లుని పనితనం," అని మామే చూపిస్తాడు.

అందుకని ఆ పైలట్ నెత్తిన చెయ్యి పెట్టి, అంటే మధ్యలో అద్దం అడ్డుంది కనుక అద్దం మీదే పెట్టి, ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో బట్టలు తొడగకుండా ఏ మనిషినీ విమానం ఎక్కించను.