పలకరించాకే దారి

వైటూకే రోజుల్లో సింగపూర్ నుంచి ఆఫీసు పనిమీద గాంబియా వెళ్ళాను. తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే ఒక గైడుతో మడ అడవులు చూడ్డానికి పడవెక్కాను.

ఆటు మొదలై నీళ్ళు తీసేస్తున్నాయి. పడవ బురదలో దిగబడితే సాయంత్రం ఫ్లైటు పోయినట్టే. మడ వేళ్ళకు పట్టిన ఆల్చిప్పలు కత్తితో కొట్టి తీస్తున్న ఒకావిడని లోతున్న దారి అడుగుదామని గైడు పడవ ఆపాడు. ఆపి, ఇల్లు, పిల్లలు, పని, ఒక్కొక్కటే కుశలం అడుగుతున్నాడు.

"ముందు దారి అడుగు," అన్నాను వాచీ చూసుకుంటూ.

"పలకరించకుండా ఏదీ అడగం సార్. మీ ఇంట్లో ఎలా ఉన్నారంటోంది."

వారంగా ఇంటికి ఫోన్ చెయ్యలేదు. అయినా బాగున్నారన్నాను. అప్పుడుగాని ఆవిడ కత్తితో ఎడమ పాయ చూపించలేదు.

ఫ్లైటు అందింది. సింగపూర్‌లో, యూ టీ పేటలో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో, నాలుగేళ్ళుగా తల ఊపడమే తప్ప మాట్లాడని పక్కింటి అంకుల్‌ని, ఇంట్లో అందరూ కులాసానా అని అడిగాను.

ఆయన మొహం పాలిపోయింది. "వై? వాట్ హ్యాపెన్?"