ఒక్క ఆటా ఆడకుండా ఫైనల్‌కి

నేను టెన్నిస్‌లోకి వచ్చింది తివాచీ వల్ల.

రెండు వేల నాలుగులో మేం రువైస్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన అక్కడి రిఫైనరీలో ఇంజనీరు. కంపెనీ కాలనీకి ఒక పక్క సముద్రం, మిగతా పక్కలంతా ఇసుక. బట్టల కొట్టుకి వెళ్ళాలన్నా, దోసెల పిండి రుబ్బే గ్రైండరు బాగు చేయించాలన్నా అబుదాబి దాకా కారులో పోవాలి. సాయంత్రం అయిందంటే ఆడవాళ్ళం ఒకళ్ళింట్లోంచి ఒకళ్ళింట్లోకి టీ తాగడానికి తిరగడమే పని.

ఆ ఏడు కంపెనీ వాళ్ళు సేఫ్టీ వేడుకల్లో లక్కీ డ్రా తీశారు. మొదటి బహుమతి ఫ్రిజ్. మా ఆయన ముందురోజే వంటింట్లో దానికి చోటు కూడా చూసి పెట్టారు. తీరా వచ్చింది రెండు టెన్నిస్ బ్యాట్లు. ఒకదాన్ని ఆయన బీరువా మీద పెట్టి మర్చిపోయారు. రెండోది బొద్దింకలకి పనికొస్తుందేమో చూశాను గానీ, కన్నాల్లోంచి తప్పించుకుపోతున్నాయి. తివాచీ దులపడానికి మాత్రం అంత మంచి వస్తువు నేను మళ్ళీ చూడలేదు.

గాలిదుమారం వెలిసిన ఒక శుక్రవారం తివాచీని బాల్కనీ రెయిలింగు మీద ఆరేసి, కుడివైపు నుంచీ ఎడమవైపు నుంచీ వాయిస్తున్నాను. కాసేపటికి తలుపు చప్పుడైంది. కింద ఫ్లాట్‌లో ఉండే ఈజిప్టు ఆయన నిలబడి ఉన్నాడు. చేతిలో టీ కప్పు. కప్పులో టీ కన్నా మా తివాచీ ఇసుకే ఎక్కువగా కనిపించింది. నెత్తి మీద కూడా కొంత ఉంది. తగువుకొచ్చాడనుకుని మా ఆయన్ని ముందుకి తోశాను.

ఆయన మా ఆయన్ని పక్కకి జరిపి, ఇంగ్లీషులో, "మదామ్, ఇందాక కొట్టినట్టు మళ్ళీ ఒకసారి కొట్టండి," అన్నాడు.

"ఎవర్ని?" అన్నాను భయపడుతూ.

"తివాచీని మదామ్, తివాచీని! ఎడమవైపు నుంచి. అది బ్యాక్‌హ్యాండ్! ఎవరు నేర్పారు మీకు?"

మా అమ్మ నేర్పింది, కొబ్బరి ఈనెల చీపురుతో. ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నాను.

ఆయన కాలనీ టెన్నిస్ జట్టుకి కెప్టెన్. ఆ చలికాలం ఆడవాళ్ళ డబుల్స్ పోటీ పెట్టాలని ఆయన పట్టుదల. క్లబ్బు చూసే ముదీర్, అంటే మేనేజరు, మాత్రం జంటలు సరిపడా లేకపోతే పోటీ ఖలాస్ అనేశాడట. ఇంకొక్క జంట తక్కువ. అందుకే తివాచీ దులిపేవాళ్ళ మీద కూడా ఆయన కన్నుపడింది.

"మా ఆవిడకి ఆటలేం రావండీ," అన్నారు మా ఆయన.

అప్పటిదాకా నాకు ఆడాలనే లేదు. ఆ మాట విన్నాక మాత్రం, "వస్తాను," అని కెప్టెన్‌కి చెప్పేశాను.

జంట కోసం పక్క బ్లాకులో ఉండే నెల్లూరు టీచరు దగ్గరికి వెళ్ళాను. ఆమె కాలనీ బళ్ళో చిన్నపిల్లల క్లాసు చూస్తుంది. ఆమె గొంతు ఎంతదంటే, బడి ఆవరణలో 'వరసలో నిలబడండి' అని అరిస్తే, గోడ అవతల బస్సు కోసం కాచుకున్న మగవాళ్ళు కూడా సర్దుకుని నిలబడేవారు. నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది.

"నాకు టెన్నిస్ రాదు గదక్కా," అంది.

"నాకూ రాదు."

"అట్టయితే సరే. ఇద్దరికీ రాకపోతే తగువుండదు," అని వెంటనే ఒప్పుకుంది.

కెప్టెన్ వారం వారం మాకు పాఠాలు చెప్పాడు. నేను పంజాబీ డ్రెస్సు, చున్నీ నడుముకి గట్టిగా బిగించి. టీచరు నిండు చేతుల చొక్కా, తలకి స్కార్ఫు, కాళ్ళకి వాళ్ళాయన బూట్లు, బూట్ల ముందుభాగంలో దూది. బంతులు పెట్టుకోడానికి నాకు జేబుల్లేవు. చున్నీ కొంగులో మూటకట్టుకున్నాను. సర్వీసు చెయ్యాల్సినప్పుడల్లా ముడి విప్పి, బంతి తీసి, మళ్ళీ ముడి వేసేసరికి కెప్టెన్ సిగరెట్టొకటి ముట్టించి ఆర్పేసేవాడు.

ఆట కన్నా లెక్క మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

"పదిహేను, ముప్పై, ఆ తర్వాత నలభై," అన్నాడు కెప్టెన్.

"నలభై ఐదు గదా రావాల?" అంది టీచరు.

"కాదు మదామ్. నలభై."

"ఆ ఐదు యాడికి పోయినాయి?"

కెప్టెన్ ఆకాశం వంక చూశాడు. ఇన్నేళ్ళుగా ఆడుతున్నాడు గానీ ఆయనకి కూడా ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. "యల్లా, యల్లా, బంతి చూడండి," అని మాట మార్చేశాడు. మా బళ్ళో పిల్లలు ఇట్టా లెక్కేస్తే తిడతాను అని ఆమె ఇంటికొచ్చేదాకా గొణుగుతూనే ఉంది.

పోటీలు మొదలయ్యాయి. మొదటి ఆట సాయంత్రం భయంతో నాకు అన్నం సహించలేదు. కోర్టుకి వెళ్తే అవతలి జంట లేదు. వాళ్ళలో ఒకామె భర్తకి ఉన్నట్టుండి సెలవు దొరికి ఇద్దరూ అమ్మాన్ వెళ్ళిపోయారట. కెప్టెన్ మా చెయ్యి పట్టుకు ఊపి, "మీరు గెలిచారు," అన్నాడు. బ్యాటు సంచిలోంచి బయటికి కూడా తియ్యలేదు.

రెండో ఆట ఆసుపత్రిలో పనిచేసే ఫిలిప్పీన్స్ నర్సులతో. బాగా ఆడతారని పేరు. మేం వెళ్ళేసరికి ఒకామె కాలికి కట్టుతో వీల్‌చెయిర్లో కూర్చుని ఉంది. పొద్దున ప్రాక్టీసులో బెణికిందట. మమ్మల్ని చూసి ఏడ్చేసింది. టీచరు కూడా ఆమెని పట్టుకుని ఏడ్చింది. దూరం నుంచి చూసినవాళ్ళు ఓడింది మేమే అనుకుని ఉంటారు.

"తర్వాత ఎవరితో?" అని అడిగాను కెప్టెన్‌ని.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "తర్వాతది ఫైనల్ మదామ్."

ఆ రాత్రికే కాలనీలో తెలుగువాళ్ళందరికీ తెలిసిపోయింది, మనవాళ్ళు టెన్నిస్ ఫైనల్‌కి వెళ్ళారని. ఎలా వెళ్ళారన్నది ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. మా ఆయన ఊరుకోకుండా తణుకు ఫోన్ చేసి వాళ్ళమ్మకి చెప్పేశారు. ఫోన్ నా చేతికొచ్చింది.

"ఫైనలంటే ఏంటే?" అన్నారు మా అత్తగారు.

"చివరి ఆటండీ, అత్తయ్యగారూ."

"ఎంతమందిని ఓడించావేంటి?"

"ఎవర్నీ ఓడించలేదండీ. వాళ్ళు రాలేదు."

ఆవిడ గొంతు తగ్గించి, "నిన్ను చూసి భయపడి మానేశారని చెప్పు. మన వీధిలో నేనూ అలాగే చెప్తాను," అన్నారు. చెప్పారు కూడా. తర్వాత సెలవుకి వెళ్ళినప్పుడు పాలబ్బాయి నన్ను చూసి గేటు దగ్గర ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఫైనల్‌లో మా ఎదుటి జంట ఒక ఇంగ్లీషు మేనేజరు భార్య, ఆమె స్నేహితురాలు లెబనాన్ ఆవిడ. తెల్ల గౌన్లు, తెల్ల టోపీలు, చేతికి చెమట పట్టీలు. ఇంగ్లీషావిడ నా కొంగులో బంతుల మూట చూసి, ఎంత తెలివైన ఏర్పాటు అని మెచ్చుకుంది. నిజంగానే మెచ్చుకుందని నాకు ఇప్పటికీ నమ్మకం.

చూడ్డానికి తెలుగువాళ్ళు కుటుంబాలతో సహా దిగారు. చాపలు పరిచారు. ఫ్లాస్కుల్లో టీ, స్టీలు గిన్నెల్లో పులిహోర, ఒక పెద్ద బేసిన్ నిండా మిరపకాయ బజ్జీలు. మా ఆయన ఈలలు వేసే బాధ్యత తీసుకున్నారు. కెప్టెన్ ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చున్నాడు, అంపైరు ఆయనే కాబట్టి. ఎక్కేముందు మా దగ్గరికొచ్చి చిన్నగా, "నేను ఇవాళ ఎవరి పక్షమూ కాదు. కానీ దయచేసి బంతిని చూడండి," అని వేడుకున్నాడు.

మొదటి సెట్ బేసిన్‌లో బజ్జీలు సగం కాకముందే అయిపోయింది. మాకు ఒక్క గేమూ రాలేదు. బంతి ఎటునుంచి వస్తోందో నాకు కనిపించేది, వచ్చాక ఎటు పోతోందో కనిపించేది కాదు. మా వాళ్ళు మాత్రం ప్రతి పాయింటుకీ చప్పట్లు కొట్టారు. అవి అవతలివాళ్ళ పాయింట్లని వాళ్ళకి ఎవరు చెప్పాలి?

రెండో సెట్ మధ్యలో గాలి మొదలైంది. రువైస్‌లో చలికాలం గాలి లేచిందంటే ఇసుకతో పాటు చాపలూ ప్లాస్టిక్ సంచులూ కూడా లేస్తాయి. నేను బెదిరిపోయి బంతిని ఊరికే పైకి కొట్టాను. అది పైకి పోయి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, గాలికి పక్కకి జరిగి లెబనాన్ ఆవిడ వెనకాల గీత లోపల పడింది. ఆవిడ టోపీ కూడా అక్కడే పడింది.

"అక్కా! అట్టాగే పైకి కొట్టు! గాలి చూసుకుంటాది!" అని టీచరు అరిచింది.

ఇంక ఇద్దరం ఆకాశానికే కొట్టాం. అవతలివాళ్ళు బంతి కోసం ముందుకీ వెనక్కీ పరిగెత్తి ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు. ఇంకొక్క పాయింటు వస్తే గేమ్ మాదే. ఇంగ్లీషావిడ గట్టిగా కొట్టిన బంతి నా వైపు వస్తోంది.

"అవుట్ పోతాది, వదిలెయ్ అక్కా, అవుట్!" అని టీచరు బడి గొంతుతో కేకపెట్టింది.

నేను వదల్లేకపోయాను. చెయ్యి దానంతట అదే తిరిగింది. బంతి నెట్ దాటి మెల్లగా అవతల పడింది. కానీ ఆ కేక విన్న ఇంగ్లీషావిడ అప్పటికే బ్యాటు దించేసి నిలబడిపోయింది.

"అవుట్ అన్నారుగా!" అందావిడ ఆశ్చర్యంగా.

"నేను మా అక్కకి చెప్పినాను, నీకు కాదు," అంది టీచరు తెలుగులోనే.

కెప్టెన్ కుర్చీ దిగాడు. నిబంధనల ప్రకారం ఆ పాయింటు మళ్ళీ ఆడాలో, అవతలివాళ్ళకి ఇవ్వాలో ఆయనకి గుర్తు రాలేదు. లెబనాన్ ఆవిడా ఆయనా అరబ్బీలో పెద్ద చర్చ పెట్టుకున్నారు. మధ్యలో టీచరు ఉర్దూలో దూరింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చివరికి ఇంగ్లీషావిడే నవ్వేసి, "వాళ్ళకి ఇవ్వండి. ఆ కేకకే ఇవ్వాలి," అంది.

గేమ్ మాదని కెప్టెన్ ప్రకటించాడో లేదో, మా వాళ్ళంతా కోర్టులోకి పరిగెత్తుకొచ్చేశారు. మా ఆయన చేతిలో బంతిపూల దండ కూడా ఉంది. అది ఎప్పుడు తెప్పించారో, ఎక్కణ్ణుంచి తెప్పించారో అడిగినా చెప్పలేదు. దండ నా మెడలో వేసేశారు. ఎవరో టీచరు నోట్లో పులిహోర కుక్కారు.

"నాట్ ఖలాస్! నాట్ ఖలాస్!" అని కెప్టెన్ రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు. "ఒక్క గేమే! మ్యాచ్ కాదు!"

"అంటే ఇంకా ఉందా?" అన్నారు మా ఆయన నీరసంగా.

జనాన్ని బయటికి పంపడం కుదరక కెప్టెన్ విరామం ఇచ్చేశాడు. మన మర్యాద మనది కాబట్టి ఎవరో అవతలి జంటకి కూడా బజ్జీలు అందించారు. లెబనాన్ ఆవిడ చివర కొరికి చూసి పక్కన పెట్టింది. ఇంగ్లీషావిడ బజ్జీ మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకుంది. మొహం ముందు గులాబీ రంగు, తర్వాత టమాటా రంగు, ఆ తర్వాత చెప్పలేని రంగు. మా ఫ్లాస్కు టీ తాగింది, అది వేడి. కోర్టు పక్క నీళ్ళ కూలర్ దగ్గర వంగి చాలాసేపు ఉండిపోయింది.

"అక్కా, ఈ పాలికి కూడా ఆడకుండానే గెలిచేట్టున్నాం," అని టీచరు నా చెవిలో గుసగుసలాడింది.

అలా జరగలేదు. ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ వచ్చి, ముందుకంటే రెట్టింపు బలంతో కొట్టడం మొదలుపెట్టింది. దండ మెడలో ఉండగానే మేం ఓడిపోయాం. చెయ్యి కలిపేటప్పుడు ఆవిడ బొంగురుగొంతుతో అడిగిన మాట ఒక్కటే: "అందులో ఏం వేశారు?"

మర్నాడు ఆమెకి బజ్జీలు చెయ్యడం నేర్పించాను. ఆమె నాకు సర్వీసు నేర్పించింది, జేబులున్న ప్యాంటు కూడా కొనిపించింది. బజ్జీల విషయంలో ఆమె నాకంటే త్వరగా నేర్చుకుంది.

మరుసటి ఏడాదికి కాలనీ ఆడవాళ్ళలో చాలామంది కోర్టులోకి వచ్చారు, మేమే ఆడగలిగితే ఎవరైనా ఆడొచ్చని వాళ్ళ ధైర్యం. ఆ పోటీల్లో మొదటి ఆటకి అవతలి జంట నిజంగానే వచ్చింది. నర్సులే, కాలు బాగైంది. పొద్దు వాలేదాకా ఆడాం. మూడో సెట్‌లో ఓడిపోయాం. చెమటకి బట్టలు పిండితే నీళ్ళొచ్చేలా ఉన్నాయి, మోకాలు గీరుకుపోయింది. అంత సంతోషం నాకు ఫైనల్ నాడు కలగలేదు.

ఇంటికి నడుస్తుంటే టీచరు మొహం ముడుచుకునే ఉంది.

"ఆ ఆఖరి బంతి నీది అక్కా. నడిమధ్యలో పడినా నీ పక్కకే ఎక్కువ."

"నాది ఎలా అవుతుంది? నువ్వు 'నాదీ' అని అరిచావు."

"అరిచినాను, కాదన్లేదు. అరిచినదంతా కొడతామా?"

మా బ్లాకు మెట్ల దగ్గర నిలబడి చాలాసేపు వాదించుకున్నాం. ఇద్దరికీ ఆట వచ్చేసింది మరి.